బుడిబుడి నడకకు కిలోమీటరు లెక్క వద్దండీ

తలసేమియా అనే రక్తజబ్బున్న పిల్లల కోసం ఇందిరా పార్కులో రెండేళ్ల బుడతలతో విరాళాల నడక పెడుతున్నాం, స్పాన్సర్లను కిలోమీటరుకు ఇంత అని అడగొచ్చా అన్నారు కదా. వద్దండీ. మా అపార్ట్‌మెంట్‌లో అలాగే పెట్టాం. మావాడు పది అడుగులేసి చీమల బారు దగ్గర గొంతుక్కూర్చున్నాడు, ఇక కదిల్తే ఒట్టు! యాభై మీటర్ల చుట్టు గీసి, చుట్టుకింత అనండి.

డబ్బు మాత్రం మీ ఫోన్‌పేలో వేయించుకోకండి, నేరుగా ఆ పిల్లల కోసం పనిచేసే సంస్థ ఖాతాకే పంపమనండి. సంస్థకు 80జీ (విరాళమిచ్చినవాళ్లకు ఆదాయపు పన్నులో మినహాయింపు ఇప్పించే గుర్తింపు) ఉంటే రసీదు దాత పేరు మీదే వస్తుంది. నగదుగా 2,000 రూపాయలు దాటి ఇస్తే ఆ మినహాయింపు రాదు. అదీ పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే.

పార్కు అనుమతి ముందే కాగితం మీద తీసుకోండి. డిసెంబరైతే ఎనిమిదింటికి మొదలుపెట్టి తొమ్మిదికల్లా ముగించేయండి. నిద్రవేళ దాటిందా, ఇక ఏడుపుల కచేరీయే.