లాభం చేతికి రావాలంటే ముందు పన్ను కట్టమంటున్నారు, కట్టాలా?

ప్రశ్న: ఎవరో నన్ను ఒక ఇన్వెస్ట్‌మెంట్ గ్రూపులో చేర్చారు. రోజూ అందరూ పెట్టే లాభాల స్క్రీన్‌షాట్లు చూసి, వాళ్లిచ్చిన యాప్‌లో కొంచెం పెట్టాను. అడగ్గానే కొంత వెనక్కి ఇచ్చారు. ఆ నమ్మకంతో నా పొదుపులో దాదాపు సగం పెట్టేశాను. ఇప్పుడది మూడింతలైనట్టు యాప్ చూపిస్తోంది. తీసుకుందామంటే ముందు 20 శాతం పన్ను కట్టమంటున్నారు. అప్పు చేసి కట్టేద్దామా అనిపిస్తోంది. ఖాతా తెరిచేటప్పుడు గుర్తింపు కార్డు ఫోటో, సెల్ఫీ కూడా ఇచ్చాను. ఇంట్లో ఇంకా చెప్పలేదు.

జవాబు: కట్టొద్దు. అప్పు చేసి అసలే వద్దు. ముందు బ్యాంకుకు ఫోన్ చేయండి, మిగతాది తర్వాత చదవొచ్చు. గ్రూపులో ఇచ్చిన నంబరుకో, నెట్‌లో వెతికితే ముందు కనబడిన నంబరుకో కాదు, మీ బ్యాంకు కార్డు వెనక ఉన్న నంబరుకు. మోసపోయాను, ఈ బదిలీలను వెనక్కి రప్పించే ప్రయత్నం చేయండి అని సూటిగా అడగండి. ఇలాంటి డబ్బు కొన్ని గంటల్లోనే నాలుగైదు ఖాతాలు మారిపోతుంది. అందుకే మీ చివరి బదిలీ ఎప్పటిదన్నది ముఖ్యం. ఆ వెంటనే సైబర్ పోలీసులకు ఫిర్యాదు చేయండి. గ్రూపులోంచి బయటికి రాకముందే చాట్లు, ఖాతా నంబర్లు, లావాదేవీల నంబర్లు అన్నీ స్క్రీన్‌షాట్లు తీసిపెట్టుకోండి. మీకు అనుమానం వచ్చిందని వాళ్లకు చెప్పాల్సిన పనేమీ లేదు.

ఇది మోసమని నేనింత గట్టిగా ఎలా చెబుతున్నానంటే, ఆ పన్ను మాట చాలు. లాభం మీద పన్ను ఉంటే అది ప్రభుత్వానికి కడతాం, లేదా మనకు రావాల్సిన దాంట్లోంచి కోసుకుంటారు. మన డబ్బు మనకివ్వడానికి బయటి నుంచి తెచ్చి ఇంకో ఖాతాలో వేయమనే నిజమైన సంస్థను ఇన్నేళ్ల వృత్తిలో నేను చూడలేదు. మీరు కడితే రేపు 'వెరిఫికేషన్ ఫీజు' అంటారు, ఎల్లుండి 'ఖాతా ఫ్రీజ్ అయింది' అంటారు. యాప్‌లో కనిపిస్తున్న మూడింతలు వాళ్లు టైప్ చేసిన అంకె మాత్రమే. మొదట్లో వెనక్కి వచ్చిన డబ్బు మీదే, లేకపోతే మీలాంటి ఇంకొకరిది. 1920లో బోస్టన్‌లో చార్లెస్ పోంజీ 45 రోజుల్లో 50 శాతం లాభమని చెప్పి నడిపింది కూడా ఇదే పద్ధతిలో: వెనక వచ్చినవాళ్ల సొమ్ము తీసి ముందువాళ్లకు ఇవ్వడం.

ఇంత తెలివితక్కువగా ఎలా పడిపోయానని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. 2023లో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐకి వచ్చిన ఇంటర్నెట్ నేరాల ఫిర్యాదుల్లో ఎక్కువ నష్టం పెట్టుబడి మోసాలదే, సుమారు 457 కోట్ల డాలర్లు. 2024 మొదట్లో హాంకాంగ్‌లో ఒక ఇంజినీరింగ్ సంస్థ ఉద్యోగి, వీడియో కాల్‌లో కనిపించింది తన పైఅధికారులే అనుకుని సుమారు 2.5 కోట్ల డాలర్లు పంపేశారు. ఆ ముఖాలు, గొంతులు కంప్యూటర్‌తో చేసిన నకిలీలు. కాబట్టి కళ్లారా చూశాను, మాట్లాడాను అన్నది ఇక రుజువు కాదు. డబ్బు అడిగింది ఎవరైనా సరే, ఫోన్ పెట్టేసి, మీ దగ్గర పాత నుంచీ ఉన్న నంబరుకు మీరే చేసి అడగండి.

ఇక మీరిచ్చిన కార్డు ఫోటో, సెల్ఫీ. నాకు డబ్బు కంటే వీటి గురించే ఎక్కువ టెన్షన్‌గా ఉంది, ఎందుకంటే వాటితో మీ పేరున ఎవరైనా అప్పు తీసుకునే ప్రయత్నం చేయొచ్చు. మీ పేరున ఏయే అప్పులున్నాయో చూపే క్రెడిట్ రిపోర్టును ఇప్పుడొకసారి, తర్వాత కొన్ని నెలలపాటు తరచూ చూసుకోండి. మీకు తెలియని అప్పు కనబడితే అదే రోజు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పండి. ఫోన్‌లో సిగ్నల్ ఉన్నట్టుండి పోయి ఎంతకీ రాకపోతే, మీ నంబరు మీద ఇంకెవరో కొత్త సిమ్ తీసుకున్నారేమో అని అనుమానించి, ఇంకో ఫోన్ నుంచి సిమ్ కంపెనీకీ బ్యాంకుకూ చెప్పండి. ఆ యాప్ తీసేయండి. దానికి ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి ఇచ్చి ఉంటే మీ ఓటీపీలు వాళ్లకూ కనిపించినట్టే. బ్యాంకు, ఈమెయిల్ పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచి మార్చండి, ముందు ఈమెయిల్‌ది. మిగతా పాస్‌వర్డ్‌లన్నీ రీసెట్ అయ్యేది దాంట్లోంచే కదా.

కొన్నాళ్లకు ఇంకొకరు ఫోన్ చేస్తారు. లాయరునంటారు, సైబర్ నిపుణుడినంటారు, 'మీ డబ్బు దొరికింది, చిన్న ఫీజు కడితే ఇప్పిస్తాం' అంటారు. మోసపోయినవాళ్ల జాబితాలు చేతులు మారుతుంటాయి. అది కూడా మోసమే.

ముందుముందు ఎలా అంటే, మోసాల రకాలన్నీ గుర్తుపెట్టుకోమని నేను ఎవరికీ చెప్పను, రోజుకొకటి పుడుతుంది. ఒక్క పొరపాటుతో అంతా పోకుండా డబ్బును విడదీసి పెట్టుకోమంటాను. ఫోన్‌తో చెల్లింపులు చేసే ఖాతాలో ఒక నెల ఖర్చుకు మించి ఉంచొద్దు. పొదుపు వేరే బ్యాంకులో, ఆ ఫోన్‌లో యాప్ లేని ఖాతాలో ఉండాలి. రోజువారీ బదిలీ పరిమితిని మీ అవసరానికి తగ్గట్టు బాగా తగ్గించండి. దీనివల్ల కాస్త అసౌకర్యమే, పెద్ద మొత్తం పంపాల్సి వచ్చినప్పుడు విసుగొస్తుంది. ఆ ఆలస్యమే మీకు కావాలి, ఎందుకంటే 'ఈ గంటలోనే' అనే తొందర మీదే వాళ్ల ఆట అంతా నడుస్తుంది.

పోయినదాన్ని త్వరగా సంపాదించాలని రిస్క్ ఎక్కువున్న వాటి జోలికి వెళ్లకండి. అది రాదనే లెక్క వేసుకుని, మిగిలిన సగంలోంచి ఆరు నెలల ఇంటి ఖర్చు ముందు పక్కన పెట్టండి. పాత సిప్‌లు (మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా పెట్టేవి), బీమా ప్రీమియంలు ఆపకండి. ఏమైనా తిరిగి వస్తే అప్పుడు చూద్దాం.

ఇంట్లో ఇవాళే చెప్పండి. గొడవ కావచ్చు. కానీ మీ గుర్తింపు కార్డు వాళ్ల చేతిలో ఉన్నప్పుడు, మీ పేరు చెప్పి ఇంట్లోవాళ్లకు కూడా ఫోన్లు రావచ్చు.