మంత్రవిద్య మగవాళ్ల సొత్తా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. ఉర్సులా లె గ్విన్ రాసిన ఎర్త్‌సీ నవలల్లో మొదటిది తను చదివి, నా చేత కూడా చదివించింది. ‘ఆడదాని మంత్రంలా బలహీనం’, ‘ఆడదాని మంత్రంలా దుష్టం’ అని ఆ కథలోని గాంట్ దీవిలో రెండు సామెతలున్నాయట. మొదటి అధ్యాయంలోనే వస్తాయి. రాసింది ఆడమనిషే కదా, ఇలా ఎలా రాసింది? వీటిని పిల్ల చేతికి ఇవ్వవచ్చా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: ఇవ్వండమ్మా. ఇచ్చి, మొదటి పుస్తకంతో ఆపకండి.

మీకు గుచ్చుకున్న సామెతలు 1968 నాటివి. వాటికన్నా నన్ను ఎక్కువ బాధించేది ఇంకొకటి ఉంది. ఎర్త్‌సీలో మంత్రశక్తి అంతా పేర్లలోనే ఉంటుంది. గద్దయినా గాలయినా దాని అసలు పేరు తెలిసినవాడి మాటే వింటుంది. అలాంటి లోకంలో, తల్లి లేని కథానాయకుడు గెడ్‌కు తొలి మంత్రాలు నేర్పిన మనిషి, అతని తల్లి తోబుట్టువు, ఊరి మంత్రగత్తె. ఆ పుస్తకంలో ఆమెకు పేరే లేదు! రోక్ దీవిలోని మాంత్రికుల బడిలో అందరూ మగపిల్లలే. ఇక కథలో గుర్తుండే స్త్రీలు ఇద్దరు: గెడ్‌ను వలలో వేసుకోవాలని చూసే సెరెట్, స్నేహితుడి ఇంట్లో వంటా వార్పూ చూసుకునే చెల్లెలు యారో. స్త్రీవాద విమర్శకులు వేలెత్తి చూపింది దీన్నే, వారి మాట న్యాయమైనది. వీరగాథ అంటే మగవాడి గాథ అన్న సంప్రదాయం లె గ్విన్‌కు ముందే స్థిరపడి ఉంది. ఆ దారిలోనే ఆమే కాదు, అందరిలా ఆమె కూడా నడిచింది.

1971లో వచ్చిన రెండో పుస్తకం టెనార్ అనే అమ్మాయిది. పసితనంలోనే ఇంటినుంచి తీసుకుపోయి, పేరు కూడా తీసేసి, చీకటి దేవతలకు పూజారిణిని చేస్తారు. మన బాలనాగమ్మ కథలో మాంత్రికుడు ఆడమనిషిని చెరపట్టాడు. ఇక్కడ భూమి కింది చీకటి దారుల్లో చిక్కుకున్నది మాంత్రికుడైన గెడ్, దారులన్నీ తెలిసినది పిల్ల. పైనుంచి చిన్న కన్నంలోంచి అతన్ని చూస్తూ, చావనివ్వాలా, నీళ్లు ఇవ్వాలా అని ఆమె తేల్చుకోలేకపోతుంది. ఆ పేజీలు మీ అమ్మాయి ఊపిరి బిగబట్టి చదువుతుంది. అయినా ఆమె బయటపడటానికి ఒక మగవాడు రావలసివచ్చిందన్న ఆక్షేపణ ఉండనే ఉంది. నా మటుకు అది సగమే నిజం. ఆమె లేకుండా అతనూ బయటపడలేడు. కానీ 1972లో వచ్చిన మూడో పుస్తకంలో టెనార్ పాత్రే లేకపోవడాన్ని మాత్రం నేను సమర్థించలేను.

విమర్శ ఫలించడమంటే ఏమిటో ఆ తర్వాత చూస్తాం. లె గ్విన్ పాత పుస్తకాలను దిద్దలేదు, వాటిని కాదనలేదు. పద్దెనిమిదేళ్లు గడిచాక, 1990లో, అదే లోకానికి తిరిగి వెళ్లి ‘టెహానూ’ రాసింది. ఈసారి కథ మాంత్రికుల బడినుంచి కాక ఒక రైతు ఇంట్లోంచి సాగుతుంది. టెనార్ ఇప్పుడు నడివయసు వితంతువు, ఇద్దరు పిల్లలను పెంచిన మనిషి. సొంతవాళ్లే హింసించి నిప్పుల్లో పడేసిన ఒక చిన్నపిల్లను దగ్గరకు తీసుకుంటుంది. గెడ్ మంత్రశక్తి అంతా పోగొట్టుకుని వచ్చి, మేకలు కాస్తాడు.

అందులో ఒక చిన్న ఘట్టం ఉంది. ఓడ పని వదిలి ఇంటికి వచ్చిన టెనార్ కొడుకు, తిన్న గిన్నెల సంగతి చూడమంటే, అది ఆడవాళ్ల పని అంటాడు. ఈ వంటింట్లో తినే ఎవరిదైనా ఆ పని అంటుంది తల్లి. వాడు లేచి పోతాడు. ఒకప్పుడు మహామాంత్రికుడైన గెడ్ ఆ పనికి చెయ్యి కలుపుతాడు. డ్రాగన్లతో మాట్లాడిన మనిషిని గిన్నెల దగ్గర నిలబెట్టడం చాలామంది పాఠకులకు నచ్చలేదు. తమ వీరుణ్ణి రచయిత్రి చిన్నబుచ్చిందనుకున్నారు. టెనార్‌కు ఏ శక్తీ ఇవ్వకుండా మళ్లీ పొయ్యి దగ్గరే కూర్చోబెట్టిందని కోప్పడిన స్త్రీవాదులూ ఉన్నారు. నేను ఆ కోపాన్ని గౌరవిస్తాను, ఒప్పుకోను. ఆడపిల్ల చేతికి కత్తి ఇచ్చి గెలిపించిన పుస్తకాలు బోలెడు. మేకపాలు పితకడం, కాలిన పిల్లకు తల దువ్వడం, రాత్రిపూట తలుపు గడియ సరిగ్గా పడిందో లేదోనని రెండోసారి చూసుకోవడం, వీటిని ఒక మాంత్రిక కథ ఇంత శ్రద్ధగా చూడటం నేను అంతకుముందు ఎక్కడా చదవలేదు.

ఒక జాగ్రత్త చెప్పాలి. ‘టెహానూ’లో ఆ పసిపిల్ల మీద జరిగిన అఘాయిత్యం ప్రస్తావన తీవ్రంగా ఉంటుంది. ముందు మీరు చదవండి. 2001లో మరో రెండు పుస్తకాలు వచ్చాయి. ఆడవాళ్లను రానివ్వని రోక్ బడిని నిలబెట్టినవారిలో ఆడవాళ్లూ ఉన్నారని వాటిలో ఒక కథ చెబుతుంది. దాన్ని మాత్రం అమ్మాయినే ముందు చదవనివ్వండి.

ప్రశ్న: టోల్కీన్ నవల ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’లో రోహన్ రాజ్యపు ఆడపడుచు ఎయోవిన్ మగవేషంలో యుద్ధానికి వెళ్లి, ఏ మగవాడూ చంపలేని మాంత్రికరాజును చంపుతుంది. ఇంకేం కావాలి మీకు?
– డిగ్రీ విద్యార్థి, వరంగల్

జవాబు: బాబూ, యుద్ధానికి ముందు ఆమె, తర్వాత రాజయ్యే వీరుడు అరగార్న్‌తో అన్న మాటలు మరోసారి చదువు. నీ మాటలన్నిటికీ అర్థం ఒక్కటే, నువ్వు ఆడదానివి, ఇంట్లో ఉండమని. మగవాళ్లు యుద్ధంలో చచ్చాక, ఇక వాళ్లకు అక్కర్లేని ఆ ఇంట్లోనే కాలిపోవచ్చునని. 1955లో అచ్చయిన పుస్తకంలో ఇంత సూటి మాట ఉంది. చివర ఆమె కత్తి వదిలి వైద్యం చేస్తాననడాన్ని చాలామంది లొంగుబాటు అంటారు. నేను అనను. ఆ కథలో రాజైన అరగార్న్ చేతులు కూడా వైద్యుడి చేతులే. నా ఫిర్యాదు వేరు. ఆమె ఆరోపణకు అరగార్న్ జవాబు చెప్పకుండా, నువ్వు దేనికి భయపడతావని అడుగుతాడు. పంజరానికి అంటుంది ఆమె. రోహన్‌లో ఇళ్లు కాచుకుంటూ ఉండిపోయిన మిగతా ఆడవాళ్ల తరఫున ఆ ఆరోపణను ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు.