ట్రెయిట్ అడిగే మెథడ్ క్లాసులో లేదని ముందే ఎలా తెలుస్తుంది?

మీరు అడిగింది ఇది: పీహెచ్‌పీలో సీఎస్‌వీ ఎక్స్‌పోర్ట్ కోసం ఒక ట్రెయిట్ (ఏ క్లాసులోకైనా చేర్చుకోగల మెథడ్ల కట్ట) రాసి చాలా క్లాసుల్లో వాడుతున్నారు. అది లోపల గెట్‌రోస్ అనే మెథడ్‌ని పిలుస్తుంది. ఏదైనా క్లాసులో ఆ మెథడ్ లేకపోతే, యూజర్ బటన్ నొక్కేదాకా ఎర్రర్ బయటపడట్లేదు.

గెట్‌రోస్‌ని ట్రెయిట్‌లోనే అబ్‌స్ట్రాక్ట్‌గా, అంటే లోపల కోడ్ లేకుండా, డిక్లేర్ చేయండి. అప్పుడు ఆ మెథడ్ లేని క్లాసు లోడ్ అవుతుండగానే ఫేటల్ ఎర్రర్‌తో ఆగిపోతుంది. ఆటోలోడ్ (అవసరమైనప్పుడే క్లాసుని లోడ్ చేసే పద్ధతి) వాడుతుంటే ఎవరూ ముట్టుకోని క్లాసు అసలు లోడే కాదు కదా, అందుకని టెస్టుల్లో అన్ని క్లాసులూ ఒక్కసారైనా లోడ్ అయ్యేలా చూడండి.

మీ పీహెచ్‌పీ వెర్షన్ ఏమిటో చెప్పలేదు, కానీ ఇక్కడ అదే కీలకం. ట్రెయిట్లు 5.4తో 2012లో వచ్చాయి. అయితే ట్రెయిట్‌లో అడిగిన సిగ్నేచర్‌తో (మెథడ్ తీసుకునే, తిరిగిచ్చే విలువల టైపులతో) క్లాసులో రాసిన మెథడ్ సరిపోతోందా అన్నది కచ్చితంగా చూడటం 2020లో వచ్చిన 8.0తోనే మొదలైంది. మా ప్రాజెక్టుని 7.4 నుంచి మార్చినప్పుడు ఈ తేడా బాగా తెలిసొచ్చింది. ట్రెయిట్ ఇంట్ అడుగుతుంటే క్లాసు స్ట్రింగ్ తీసుకుంటోంది, అన్నాళ్లూ ఎవరికీ పట్టలేదు. అప్‌గ్రేడ్ రోజు టెన్షన్ పడ్డాం గానీ, ఆ ఎర్రర్లలో చాలావరకు నిజమైన బగ్గులే. 8.0 నుంచి ట్రెయిట్‌లో ప్రైవేట్ అబ్‌స్ట్రాక్ట్ మెథడ్ కూడా పెట్టొచ్చు. ట్రెయిట్ అవసరం కోసం క్లాసు తన లోపలి మెథడ్‌ని బయటివాళ్లకి తెరవక్కర్లేదు.

ప్రాపర్టీలతో మాత్రం జాగ్రత్త. లేని ప్రాపర్టీని చదివితే పీహెచ్‌పీ ఒక వార్నింగ్ ఇచ్చి నల్ చేతిలో పెడుతుంది, పని సాగిపోతుంది. కావాల్సిన విలువని గెటర్ మెథడ్‌గా (ఆ విలువని తిరిగిచ్చే మెథడ్‌గా) అడగడమే మేలు.

రెండు ట్రెయిట్లు కలిపేటప్పుడు, ఒకటి అడిగిన మెథడ్‌ని రెండోది ఇస్తే చాలు, క్లాసులో మళ్లీ రాయక్కర్లేదు. ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చేది ఇదే. స్మాల్‌టాక్ అనే ప్రోగ్రామింగ్ భాష కోసం 2003లో ట్రెయిట్లను ప్రతిపాదించినప్పుడే, ఇచ్చే మెథడ్లతో పాటు కావాల్సిన మెథడ్లూ ట్రెయిట్‌లో భాగమే అన్నారు. రెండూ ఒకే పేరుతో పూర్తి మెథడ్ ఇస్తే మాత్రం ఇన్‌స్టెడ్‌ఆఫ్ అనే కీవర్డ్‌తో ఏది కావాలో చెప్పాలి, లేదా ఆ మెథడ్‌ని క్లాసులోనే రాసుకోవాలి. యాజ్ అనే కీవర్డ్ పెడితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు, అది మారుపేరు ఇస్తుందే తప్ప గొడవ తీర్చదు.

ఒక ట్రెయిట్ నాలుగైదు మెథడ్లు అడగడం మొదలుపెడితే నేనైతే దాన్ని విడి క్లాసుగా తీసి, ఇంటర్‌ఫేస్ (ఏ మెథడ్లు ఉండాలో చెప్పే ఒప్పందం) ద్వారా వాడతాను. ఎందుకంటే ఈ చెకింగ్ చూసేది పేరూ టైపులూ మాత్రమే. గెట్‌రోస్ ఖాళీ అర్రే ఇచ్చినా, కాలమ్స్ తలకిందులుగా ఇచ్చినా ఒప్పుకుంటుంది. దానికి పీహెచ్‌పీయూనిట్ అనే టెస్టింగ్ టూల్‌లో ఒక ఉమ్మడి టెస్టు రాసి, ఆ ట్రెయిట్ వాడే ప్రతి క్లాసు మీదా నడపండి.