అంటురోగం మూలాన్ని వెతికే నర్సు ఉద్యోగం: అమ్మాయిని పంపవచ్చా?

ప్రశ్న: మాది రాయగడ జిల్లా గుణుపురం. మా పెద్దమ్మాయి ఈ ఏడాది బరంపురంలో బి.ఎస్సీ. నర్సింగ్ పూర్తిచేసింది. శిక్షణలో ఉండగా ఒక ఆసుపత్రి పసిపిల్లల వార్డులో వారం తిరగకుండానే నలుగురు శిశువులకు రక్తంలో ఇన్‌ఫెక్షన్ వచ్చిందట. దాని మూలం వెతకడానికి వచ్చిన ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్సును చూసి, తానూ ఆ పనే చేస్తానంటోంది. అది ప్రత్యేకమైన ఉద్యోగమేనా? 2018లో కేరళలో నిపా వైరస్ సోకిన రోగికి సేవచేసి మరణించిన నర్సు సంగతి తలచుకుంటే మాకు మనసొప్పడం లేదు.

జవాబు: మీ భయం నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే దానికి జవాబు దొరకకుండా చదువుల గురించీ జీతాల గురించీ ఎంత చెప్పినా మీకు ఊరట కలగదు. మీరు ప్రస్తావించిన నర్సు లిని పుదుస్సేరి పెరాంబ్రా తాలూకా ఆసుపత్రిలో సాధారణ నర్సుగా పనిచేస్తూ, తన ముందున్నది నిపా అని ఎవరికీ తెలియక ముందే ఆ రోగికి సేవచేశారు. 2001లో పశ్చిమ బెంగాల్‌లోని సిలిగురిలో నిపా వ్యాపించినప్పుడు కూడా జబ్బు పేరు తెలియలేదు. సోకినవారిలో దాదాపు నాలుగింట మూడు వంతుల మందికి అది ఆసుపత్రిలోనే అంటుకుంది. అంటే అసలు ప్రమాదం జబ్బును పోల్చుకోలేకపోయిన రోజుల్లో ఉంటుంది, ఆ రోజులను తగ్గించడమే మీ అమ్మాయి కోరుకుంటున్న పని. ప్రమాదం బొత్తిగా లేదని నేను అనను; అయితే వార్డులో పనిచేసే ఏ నర్సుకైనా ఉండే ప్రమాదమే ఇక్కడా ఉంటుంది, దాన్ని ఎదుర్కొనే శిక్షణ మాత్రం ఈమెకు ఎక్కువగా ఉంటుంది.

ఇక ఆ పని ఎలా సాగుతుందో మీ అమ్మాయి చూసిన వార్డు మీదుగానే చెబుతాను. నలుగురు శిశువులకు జబ్బు చేసిందనగానే అది వ్యాప్తి అని తేల్చేయరు. ఆ వార్డులో మామూలుగా నెలకు ఎందరికి ఇలా వస్తుంది, నలుగురి రక్తంలోనూ పెరిగింది ఒకే క్రిమేనా, నమూనా తీయడంలోనో ప్రయోగశాలలోనో పొరపాటు జరిగిందా అని ముందు చూస్తారు. ఆ తరువాత లైన్ లిస్ట్ రాస్తారు: ఒక్కో శిశువుకు ఒక్కో వరుస, అందులో పుట్టిన తేదీ, మంచం, జబ్బు కనిపించిన రోజు, ఎక్కించిన సెలైన్, పట్టిన పాలు, వాడిన గొట్టాలు, ఎత్తుకున్న చేతులు. అలా రాసిన పట్టికను నిలువునా చదువుతూ పోతే నలుగురికీ ఉమ్మడిగా ఉన్నదేదో ఒకటి కనబడుతుంది; క్లెబ్సియెల్లా, సూడోమోనాస్ వంటి క్రిములు తడి ఉన్నచోట బతుకుతాయి కాబట్టి, అది ఒక సింకు కావచ్చు, ఒకసారి తెరిచి పలుమార్లు వాడిన సీసా కావచ్చు. మూలం దొరికేదాకా చేతులు కట్టుకుని కూర్చోరు. జబ్బు చేసిన పిల్లలను ఒకచోట చేర్చి, వారికి వేరే నర్సులను కేటాయించి, చేతుల శుభ్రతను దగ్గరుండి గమనించడం మొదటి రోజే మొదలవుతుంది.

ఈ పనికి ధైర్యం కన్నా ఓర్పు ఎక్కువ అవసరమని నా అభిప్రాయం. 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు రెండు ప్రసూతి విభాగాల మరణాల లెక్కలను పోల్చి చూసి, శవపరీక్ష చేసి వచ్చిన వైద్యుల చేతుల వల్లే బాలింతలు చనిపోతున్నారని గ్రహించి, క్లోరిన్ కలిపిన నీటితో చేతులు కడిగిస్తే మరణాలు గణనీయంగా తగ్గాయి. అయినా చాలామంది సాటి వైద్యులు దాన్ని తమపై నిందగా భావించి ఒప్పుకోలేదు. నేటికీ తప్పు దాచే వార్డులో మూలం దొరకదు కనుక, తనకన్నా పెద్ద డాక్టరుకైనా, వార్డు ఆయాకైనా నొప్పించకుండా చెప్పగల నేర్పు మీ అమ్మాయికి ఉందా అన్నది మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి.

మీ ప్రాంతపు పిల్లలకు ఉన్న ఒక బలాన్ని మీరు లెక్కలోకి తీసుకున్నట్లు లేదు. మీ జిల్లాలోనే కాశీపూర్ వైపు 2007లోనూ 2022లోనూ కలరా వచ్చింది. అలాంటప్పుడు వార్డుకు చేరిన మనిషి ఏ ఊటనీరు తాగాడో, ఇంట్లో ఇంకెవరికి విరేచనాలు అవుతున్నాయో వారి భాషలో అడిగితే తప్ప నిజం బయటకు రాదు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా నేర్చిన అమ్మాయికి అక్కడి గిరిజన భాషలైన సవర గానీ కువి గానీ కొద్దిగా వచ్చినా, లైన్ లిస్ట్‌లో ఇతరులు ఖాళీగా వదిలే గడులను ఆమె నింపగలదు.

చదువు విషయంలో తొందర వద్దు. ముందుగా రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించి, కనీసం రెండేళ్లు ఐ.సి.యు.లోనో, నవజాత శిశువుల వార్డులోనో పనిచేయనివ్వండి. గొట్టాలు, సూదులు, వెంటిలేటర్లు చేత్తో వాడనివారి మాట వార్డులో చెల్లదు. ఎయిమ్స్ సంస్థల నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు నార్సెట్ పరీక్ష ఉంటుంది, భువనేశ్వర్‌కూ మంగళగిరికీ దారి అదే. ఒడిశా ప్రభుత్వ కొలువులకు ఒడియా చదవడం, రాయడం రావాలి. ఆంధ్ర వైపు వెళితే అక్కడి కౌన్సిల్‌లో మళ్లీ నమోదు కావాలి. ఆ తరువాత ఎం.ఎస్సీ. నర్సింగ్ గానీ, ఎపిడెమియాలజీ (జబ్బుల వ్యాప్తిని అధ్యయనం చేసే శాస్త్రం) ప్రధానంగా ఉన్న ఎం.పి.హెచ్. (ప్రజారోగ్యంలో మాస్టర్స్ డిగ్రీ) గానీ ఎంచుకోవచ్చు.

ప్రత్యేకమైన ఉద్యోగమేనా అని అడిగారు. ప్రతి 250 పడకలకు కనీసం ఒకరు పూర్తికాలం ఈ పనికే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో సూచించింది. మన దేశంలోనూ 2020లో జాతీయ మార్గదర్శకాలు వచ్చాయి. అయినా చిన్న ఆసుపత్రుల్లో దీన్ని అదనపు బాధ్యతగా అంటగట్టడం మామూలే. అందుచేత ఇంటర్వ్యూలో ఈ పోస్టు పూర్తికాలమా, ఇన్‌ఫెక్షన్ కమిటీ ఎన్నాళ్లకోసారి కూర్చుంటుంది, వార్డులో వ్యాప్తి మొదలైతే కొత్త రోగుల చేరికను ఆపాలని సిఫారసు చేసే అధికారం ఉంటుందా అని అడగమనండి. మూడో ప్రశ్నకు తడబడే చోట చేరవద్దని నా గట్టి సలహా.

ఉద్యోగంలో చేరేలోగా చేయవలసిన పని ఒకటుంది. ఆ జబ్బు ఉన్న రోగికి వాడిన సూది గుచ్చుకుంటే, రక్షణ లేనివారికి హెపటైటిస్ బి సోకే అవకాశం 30 శాతం దాకా ఉంటుంది; హెచ్.ఐ.వి.కి అది 0.3 శాతం మాత్రమే. హెపటైటిస్ బి టీకా మూడు మోతాదులూ పూర్తయ్యాయో లేదో చూసి, చివరి మోతాదు తరువాత ఒకటి రెండు నెలలకు యాంటీబాడీ పరీక్ష చేయించి, ఆ రిపోర్టును ఆమె సర్టిఫికెట్లతో పాటు భద్రపరచండి.