రివెట్ గన్ కొనే ముందు ఒక మాట

నాయనా,

ఇంట్లో కట్టుకునే విమానం కిట్ పెట్టెలు వచ్చాయని, రివెట్ గన్ ఏది కొనాలో చెప్పు పెద్దనాయనా అని అడిగావు కదా. అనంతపురంలో బస్ బాడీ షెడ్డులో ఏళ్ల తరబడి రేకులు కలిపే పాప్ రివెట్లు కొట్టినవాణ్ణే, కానీ బస్సుకు చేసినట్టు నీ జెనిత్ సీహెచ్ 750 విమానానికి చేస్తే కుదరదు, అందుకే ఇంత రాస్తున్నా.

గన్ ధర, బలం తర్వాత, ముందు దాని ముక్కు, అంటే రివెట్టు దూర్చే కొన చూడు. నీకొచ్చే ఏ4 (సన్నవి), ఏ5 (కొంచెం లావువి) రివెట్ల తల చదునుగా ఉంటుంది, ముక్కు మధ్యలో గుంట ఉంటేనే లాగేటప్పుడు ఆ తల గుండ్రంగా ఒదిగి రేకును గట్టిగా అదిమి పట్టుకుంటుంది. బజార్లో గన్‌తో ఇచ్చే మామూలు ముక్కుతో లాగొద్దు. గుంట ముక్కులు జెనిత్ వాళ్ల దగ్గర దొరుకుతాయి, అవి జేబులో వేసుకొని షాపుకెళ్లు, మర ఎక్కిందా లేదా అక్కడే బిగించి చూడు. ఎక్కకపోతే ఎంత పేరున్న గన్ అయినా వదిలెయ్.

లాగాల్సినవి వేలల్లో ఉంటాయి కాబట్టి గాలితో నడిచే గన్ తప్పదు. చేతి గన్‌తో నాలుగు ఏ5లు లాగితే మణికట్టు గుంజుతుంది, అలసిన చెయ్యి గన్‌ను వంకరగా పడుతుంది. కంప్రెసర్ 90 పీఎస్ఐ గాలి ఒత్తిడి నిలకడగా ఇస్తే చాలు, కానీ నీళ్లు పట్టే ఫిల్టర్ మాత్రం పెట్టించు. రివెట్టు మధ్యలో గన్ పట్టి లాగే పుల్ల, అదే కాండం, తెగిన వెంటనే వెనక సీసాలోకి పోయే రకం తీసుకో, తెగిన ఇనుప ముక్క రెక్కలో పడిందంటే మూసేశాక తీయడం నరకం. ఒక్క లాగుకి తెగాల్సిన రివెట్టు రెండు మూడు లాగులు అడుగుతుంటే ముందు గన్‌లో ఆయిల్ తగ్గిందేమో చూడు, తర్వాత కాండాన్ని పట్టుకునే దవడలు విప్పి తుడువు. మన ఊరి దుమ్ముకి ఆ పళ్లు తొందరగా పూడుకుపోతాయి, అందుకే విడి దవడలు దొరికే గన్నే కొనమంటున్నా.

కరెంటు పోతుందని బ్యాటరీ గన్ అడిగావు. మంచిదే గానీ బరువెక్కువ, ముందు వద్దు. ఆ డబ్బుతో రెండో గన్ ఒకటి చవకది కొని ఒకదానికి ఏ4 ముక్కు, ఇంకోదానికి ఏ5 ముక్కు బిగించి వదిలెయ్, మాటిమాటికీ మార్చే టెన్షన్ ఉండదు. చేతి గన్ కూడా ఒకటి ఉండాలి, అంచుల దగ్గర పెద్ద గన్ ఒళ్లు తగిలి నిటారుగా కూర్చోదు, అక్కడ అదే దిక్కు.

ముక్కు రేకుకి పూర్తిగా ఆనకముందే ట్రిగ్గర్ నొక్కొద్దు. లాగాక తల కింద గోరు పెట్టి చూడు, గోరు దూరిందంటే ఆ రివెట్టు పనికిరాదు, రంధ్రం పెద్దది కాకుండా డ్రిల్ చేసి తీసేసి ఇంకోటి వెయ్. ఏ4కి 30 నంబర్ డ్రిల్, ఏ5కి 20 నంబర్, దగ్గర్లో ఉందని వేరే బిట్ పట్టుకోకు.

గన్ వచ్చాక ముందు తునక రేకుల మీద లాగు, రెండో వైపు ఎలా ఉబ్బిందో కనిపించేలా ఫోటోలు తీసి పంపు. అవి నేను చూసి సరే అన్నాకే అసలు రేకు ముట్టుకో.

మీ పెద్దనాయన