ఉబుంటు తీయమంటే విండోస్ కూడా రావట్లేదు... షాపును నిలదీయొచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి ల్యాప్‌టాప్‌లో విండోస్‌తోపాటు ఉబుంటు అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ ఉండేది. ఇక అవసరం లేదని, ఉబుంటు తీసేయమని ఊళ్లోనే ఒక రిపేరు షాపులో ఇచ్చాం. 700 రూపాయలు యూపీఐలో కట్టాం, బిల్లు ఇవ్వలేదు. ఇంటికొచ్చి ఆన్ చేస్తే నల్లటి తెర మీద ‘నో సచ్ పార్టిషన్’, దాని కింద ‘గ్రబ్ రెస్క్యూ’ అని ఆగిపోయింది. మళ్లీ పట్టుకెళ్తే హార్డ్‌డిస్క్ పోయిందని, కొత్తది వేస్తే 4,800 అవుతుందని, డేటాకు గ్యారంటీ లేదని అంటున్నారు. పోలీసు కేసు పెట్టొచ్చా?
- ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఆ 4,800 ఇప్పుడే కట్టకండి. తెర మీద కనిపిస్తున్న ఆ రెండు ముక్కలు డిస్కులోంచి చదివితేనే వస్తాయి. డిస్కు పూర్తిగా పోయి ఉంటే అంతదాకా కూడా రాదు.

ఏ సిస్టమ్ ఆన్ కావాలో అడిగే మెనూ (బూట్ లోడర్) పేరు గ్రబ్. దాని ఫైళ్లలో ఎక్కువ భాగం ఉబుంటు పార్టిషన్‌లో, అంటే డిస్కులో ఉబుంటుకు కేటాయించిన భాగంలో ఉంటాయి. మొదట లేచే చిన్న ముక్క మాత్రం విడిగా, ఆన్ అయ్యేటప్పుడు వాడే ఈఎఫ్‌ఐ అనే చిన్న పార్టిషన్‌లో ఉంటుంది, పాత మెషీన్లలోనైతే డిస్కు మొట్టమొదటి సెక్టారులో. షాపువాళ్లు విండోస్‌లోంచి ఉబుంటు పార్టిషన్‌ను డిలీట్ చేసి, ఈ ముక్కను వదిలేసి ఉంటారు. అది లేచి, లేని పార్టిషన్ కోసం వెతికి ఆగిపోతోంది. ఇదే అయితే విండోస్, మీ ఫైళ్లు చెక్కుచెదరకుండా ఉండే అవకాశమే ఎక్కువ.

ఏదైనా ముట్టుకునే ముందు ఫోన్‌లో వీడియో తీయండి. ల్యాప్‌టాప్ అడుగున ఉన్న సీరియల్ నంబరుతో మొదలుపెట్టి, ఆన్ చేయడం, తెర మీద వచ్చే అక్షరాలు అన్నీ ఒకే వీడియోలో రావాలి. బాగుచేయించుకున్నాక తీసిన ఫొటోలతో కేసు నిలబడదు.

తర్వాత ఆన్ చేయగానే బూట్ మెనూ తెరవండి. డెల్, లెనోవో అయితే ఎఫ్12, హెచ్‌పీ అయితే ఎఫ్9, ఆసుస్ అయితే ఎస్కేప్ కీ నొక్కాలి. జాబితాలో ‘విండోస్ బూట్ మేనేజర్’ ఉంటే ఎంచుకోండి. 48 అంకెల బిట్‌లాకర్ (డిస్కుకు తాళం వేసే విండోస్ సదుపాయం) రికవరీ కీ అడిగితే కంగారు పడొద్దు, అది సాధారణంగా మీ అబ్బాయి మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. కీ దొరక్క ఫార్మాట్ కొట్టించేవాళ్లున్నారు, అప్పుడు పోయిన డేటాకు షాపును తప్పుపట్టడం కష్టం. విండోస్ వస్తే ముందు ఫైళ్లు బయటి డిస్కులోకి కాపీ చేసుకుని, ఆ తర్వాత బయాస్ సెట్టింగుల్లో బూట్ ఆర్డర్‌లో, అంటే ఏది ముందు లేవాలనే వరుసలో, విండోస్‌ను పైకి తెస్తే చాలు. జాబితాలో ఉబుంటు పేరు మిగిలినా నష్టం లేదు. దాన్ని తుడిచేద్దామని ఈఎఫ్‌ఐ పార్టిషన్ మొత్తాన్నే డిలీట్ చేస్తే విండోస్ కూడా లేవదు. అందులో ‘ఉబుంటు’ ఫోల్డరు ఒక్కటే తీయించాలి. బూట్ మెనూలో విండోస్ పేరే లేని పాత మెషీనైతే, విండోస్ ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్‌తో రిపేరులోకి వెళ్లి ‘బూట్‌రెక్ ఫిక్స్‌ఎంబీఆర్’ కమాండ్ ఇవ్వాలి. ఇది మీరు చేయకండి, మరో టెక్నీషియన్ చేత చేయించండి. ఆయన దగ్గర తేదీ, సీరియల్ నంబరు, డిస్కు హెల్త్ రీడింగు, తాను చూసిన లోపం, చేసిన పని రాసి సంతకం చేసిన కాగితం తీసుకోండి. మీ కేసుకు ప్రాణం ఆ కాగితమే.

ఇక పోలీసుల సంగతి. ల్యాప్‌టాప్ మీరే ఇచ్చారు, ముట్టుకోమన్నదీ మీరే. ఐటీ చట్టం సెక్షన్ 66 కింద నేరం కావాలంటే మోసపు ఉద్దేశం ఉండాలి, చేతకాని పని సరిపోదు. డిస్కు బాగానే ఉందని తెలిసీ డబ్బు లాగడానికి అబద్ధమాడారని రుజువుంటే వేరే మాట. మీ దారి వినియోగదారుల కమిషన్.

2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సగం చేసి వదిలేసిన పని సేవాలోపం. బిల్లు ఇవ్వకపోవడం అదే చట్టంలోని సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు లేదని దిగులొద్దు, యూపీఐ లావాదేవీ వివరాలు, వాట్సాప్‌లో మాట్లాడుకున్నవి చాలు. ‘డేటాకు మా బాధ్యత లేదు’ అని గోడ మీద అంటించినంత మాత్రాన నిర్లక్ష్యం మాఫీ కాదు. అయితే బ్యాకప్ ఎందుకు తీసుకోలేదని మిమ్మల్నీ అడుగుతారు.

ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి, చాలా షాపులు అక్కడే దిగొస్తాయి. కాకపోతే స్పీడ్‌పోస్టులో నోటీసు పంపండి. చట్టం తప్పనిసరి అనలేదు కానీ కమిషన్ ముందు బాగా పనికొస్తుంది. నాలుగు వాక్యాలు చాలు: ‘ఫలానా తేదీన ఉబుంటు తొలగింపు కోసం 700 రూపాయలు తీసుకున్నారు. బూట్ లోడర్ తీయకపోవడంతో మెషీన్ ఆన్ కావడం లేదు. డిస్కు బాగానే ఉన్నట్టు జతచేసిన టెక్నీషియన్ కాగితం చెబుతోంది. 15 రోజుల్లో 700, రిపేరు ఖర్చు తిరిగి ఇవ్వండి.’ ఆ కాగితం చేతికి రాకుండా మూడో వాక్యం రాయొద్దు.

స్పందన లేకపోతే గుంటూరు జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేయొచ్చు, లాయరు అక్కర్లేదు. చెల్లించిన మొత్తం 5 లక్షలలోపు కాబట్టి ఫీజు లేదు. గడువు 2 ఏళ్లు. అవతలివారికి జవాబివ్వడానికి 30 రోజులు, కావాలంటే మరో 15. మూడు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది కానీ, క్యాలెండర్ చూస్తూ కూర్చోకండి.

విండోస్ వచ్చేసి, ఫైళ్లన్నీ ఉంటే నా సలహా: 700, రిపేరు ఖర్చు తిరిగి తీసుకుని వదిలేయండి. డిస్కు ఫార్మాట్ చేసి ఉంటే మాత్రం గట్టిగా పట్టుకోండి. డేటా రికవరీకి అయిన బిల్లు, మనస్తాపానికి పరిహారం, ఖర్చులు అడగొచ్చు. ఆధారం లేకుండా లక్షలు రాస్తే మీ మిగతా మాటకూ విలువ తగ్గుతుంది.

వీడియోను ఫోన్‌లోంచి డిలీట్ చేయకండి. భారతీయ సాక్ష్య అధినియమం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ ఆధారాలకు ఇచ్చే ధ్రువపత్రం కూడా జత చేస్తే వీడియో మీద అభ్యంతరానికి చోటుండదు.