ఈ వేసవికి మీ ఇంటి పని

చిరంజీవి అమ్మాయికి,

బాపట్ల నుంచి మీ పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం.

సెలవుల్లో పిల్లల్ని చేర్పిద్దామనుకుంటున్న క్లాసులంటూ మొన్న ఫోన్లో నువ్వు చదివిన లిస్టంతా విన్నాను. అబాకస్, డ్రాయింగ్, కీబోర్డు, స్పోకెన్ ఇంగ్లీషు, సాయంత్రం స్విమ్మింగు. ఏప్రిల్ నెలాఖరులో బడి మూస్తే జూన్ 12 దాకా ఏడు వారాలు. ఊరికే వదిలేస్తే ఫోన్లకు అతుక్కుపోతారని నీ టెన్షన్. అది నాకు అర్థమైంది. కానీ ఆ లిస్టులో మీ నలుగురూ కలిసి చేసే పని ఒక్కటీ లేదు. ఇన్నేళ్ళు బడిలో పనిచేసినదాన్ని కదా, జూన్‌లో పిల్లల్ని "సెలవుల్లో ఏం చేశార్రా" అని అడిగేదాన్ని. క్లాసుల సంగతి ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. కాలవలో ఈత వచ్చిందనీ, మామయ్యతో సంతకెళ్ళాననీ చెప్పడానికి మాత్రం పోటీలు పడేవాళ్ళు.

అందుకని ఈ ఆదివారం రాత్రి అన్నాలయ్యాక నలుగురూ ఒకచోట కూర్చోండి. బడి తెరిచేలోపు తనకేం రావాలో ఒక్కొక్కరూ ఒక్కటే చెప్పాలి. అల్లుడుగారూ చెప్పాలి, నువ్వూ చెప్పాలి. పెద్దవాళ్ళు చెప్పకపోతే పిల్లలకది హోంవర్కే. "బాగా చదవాలి", "ఫోన్ తగ్గించాలి" లాంటివి ఒప్పుకోకు. అయిందో లేదో కంటితో చూస్తే తెలియాలి. పెద్దవాడు ఎవరూ పట్టుకోకుండా సైకిల్ తొక్కుతానంటాడేమో. చిన్నది అమ్మమ్మకు తెలుగులో పోస్టు కార్డు రాస్తానంటే అంతకన్నా ఏం కావాలి? అల్లుడుగారికి ముద్దపప్పు, చారు పెట్టడం వస్తే చాలు, నీకూ కాస్త ఊపిరి ఆడుతుంది. ఎవరు చెప్పింది వాళ్ళ చేతే కాగితం మీద రాయించి ఫ్రిజ్ తలుపుకు అంటించు. నువ్వు దిద్దకు. ఒత్తులు తప్పు రాసినా సరే.

ఇవి కాక ఇంటిల్లిపాదికీ ఒక పెద్ద పని ఉండాలి. నన్నడిగితే ఆవకాయ పెట్టండి. ఏటా మీ అమ్మ పంపే జాడీ కోసం ఎదురుచూడకుండా ఈసారి మీ ఇంట్లో మీరే పెట్టండి. పిల్లలకు ఇందులో ఉన్నంత పని ఇంకెందులోనూ ఉండదు. కాయ పుల్లగా, గట్టిగా, టెంక ముదిరి ఉండాలి. బజార్లో కత్తిపీట మీద కొట్టిస్తారు, దాని దగ్గరికి మాత్రం పిల్లల్ని రానీకు. ఇంటికొచ్చాక ముక్కలోని జీడి తీసి, టెంకకు అంటుకున్న పల్చటి పొర గోకి, పొడిగుడ్డతో తుడవడం చిన్నదాని పని. ఓపిగ్గా చేస్తుంది, చూడు. ఆవాలు, ఉప్పు ఎండలో పోసి సాయంత్రానికి ఎత్తడం, ఆవపిండీ కారమూ ఉప్పూ గిన్నెతో కొలవడం పెద్దవాడికి అప్పజెప్పు. మూడూ సమానంగా పోసి ఉప్పు మాత్రం కాస్త తగ్గించమను, చాలకపోతే తర్వాత కలుపుకోవచ్చు. భిన్నాలు ఆ గిన్నె దగ్గర వచ్చినంత బాగా పుస్తకంలో రావు. తడి చెయ్యి తగిలితే బూజు పడుతుందని ఒక్కసారి చెబితే చాలు, మిమ్మల్ని కూడా వాళ్ళే కాపలా కాస్తారు. మూడో రోజు తిరగకలిపి, ఉప్పు చూసి, జాడీకెత్తి వాసెన కట్టేదాకా వాళ్ళ ఎదురుగానే జరగాలి. ఆ రోజు బేసినులో మిగిలిన కారంలో వేడన్నం, నువ్వుల నూనె వేసి కలిపి నలుగురికీ ముద్దలు పెట్టు. మజ్జిగన్నం తర్వాతే అనుకో.

డబ్బు సంగతి కూడా పిల్లలకు తెలియాలి. వారానికోసారి పెద్దవాడి చేతికి రెండొందలిచ్చి రైతు బజారుకు తీసుకెళ్ళు. ధరల బోర్డు అక్కడే ఉంటుంది. ఏం కొనాలో వాడినే తేల్చుకోనివ్వు, నువ్వు సంచీ పట్టుకుని వెనకాల నిలబడు. వంకాయలు పుచ్చులొచ్చినా ఏమీ అనకు. పై వారం వాడే ఒక్కొక్కటీ తిప్పి చూసి ఏరతాడు.

చదువంటావా, పొద్దున టిఫినయ్యాక అరగంట ఎక్కాలూ తెలుగూ చాలు. ఆ తర్వాత వదిలెయ్. పదకొండు నుంచి నాలుగింటి దాకా గడప దాటనివ్వద్దు. మే 25 ప్రాంతంలో రోహిణి కార్తె వస్తుంది, రోళ్ళు పగిలే ఎండ మరి. ఆ మధ్యాహ్నాలు మాత్రం దేనితోనూ నింపకు. "బోరు కొడుతోందమ్మా" అంటే అననీ. కాసేపటికి దుప్పట్లు కట్టి ఇల్లు చేసుకుంటారు, లేదా కొట్టుకుంటారు, రెండూ పర్లేదు. ఫోన్ ఇచ్చే గంటేదో ఇప్పుడే అనుకుని దాని మీదే నిలబడు. ఆ గంట కాని వేళ మీ చేతుల్లోనూ ఫోన్లు ఉండకూడదు. ఆఫీసు ఫోనొస్తే లేచి వరండాలోకి వెళ్ళి మాట్లాడండి.

లిస్టులో ఒక్క క్లాసు మాత్రం ఉంచు, ఏదో పిల్లల్నే చెప్పమను. ఈతయితే నాకిష్టం. మిగతా వాటికి కట్టబోయే ఫీజు దాచి పిల్లల్ని రెండు వారాలు నా దగ్గరికి పంపు. తెల్లవారుజామునే సూర్యలంక సముద్రానికి తీసుకెళ్తాను, ఎండెక్కేలోపు తిరిగొచ్చేస్తాం. వేటపాలెం కూడా ఇక్కడికి దగ్గరే. అక్కడి సారస్వత నికేతనం గ్రంథాలయం 1918లో పెట్టింది, పాత తెలుగు పత్రికలు దాచిన చోటు. వాళ్ళ తాతల కాలంలో పేపరు ఎలా ఉండేదో పెద్దవాడు కళ్ళారా చూస్తాడు.

రైలు టిక్కెట్లు 60 రోజుల ముందు నుంచే ఇస్తున్నారు, మే నెలకు ఆలస్యం చేస్తే దొరకవు. ఆదివారం కూర్చున్నప్పుడే తేదీ తేల్చుకుని సోమవారం పొద్దున బుక్ చేయించు. ఆవకాయ పని ముగించుకునే పిల్లల్ని పంపు. వాళ్ళు వచ్చేటప్పుడు మీరు పెట్టిందాంట్లోంచి ఓ చిన్న సీసా నాకు పంపించు, కారం ఎంత పడిందో చూసి చెబుతాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ